కాఖేతిలో ద్రాక్ష పాతర

మా అమ్మాయి జార్జియా రాజధాని టిబిలిసిలో ఎంబీబీఎస్ నాలుగో సంవత్సరం చదువుతోంది. పోయిన ఏడాది దసరా సెలవుల్లో నేనూ మావారూ దాన్ని చూడ్డానికి పది రోజులు వెళ్లాం. నేను హైస్కూల్లో సైన్సు టీచర్ని, వరసగా సెలవులు దొరికింది అప్పుడే. ప్రయాణానికి నేను చేసిన ఏర్పాటల్లా పిల్లకి పచ్చళ్లు, పొడులు సర్దడమే. "వాళ్లు అన్నిట్లో మాంసమే వేస్తారట" అని ఎవరో చెబితే మా కోసం రెండు కిలోల అటుకులు కూడా పెట్టాను. కట్ట విప్పకుండానే అవి మళ్లీ తెనాలి వచ్చేశాయి.

వైన్ సంగతి నా మనసులోనే లేదు. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడి, ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకినప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. మా ఊరి ఊరేగింపులో నేనూ నడిచాను. మా పక్క వీధిలో ఒకావిడ మొగుడు కూలి డబ్బులన్నీ సారాకి పోసేవాడు. తాగి వచ్చిన రాత్రి ఆవిడ పిల్లలిద్దర్నీ తీసుకుని మా అరుగు మీద పడుకునేది. నాకు తెలిసిన మందు అదే. మనిషిని ఇంట్లోంచి బయటికి లాక్కుపోయేది, ఇంట్లో వాళ్లని అరుగుల పాలు చేసేది. అందుకని యాభై దాటినా ఒక్క చుక్క ముట్టుకోలేదు, ముట్టుకోవాలనీ అనిపించలేదు.

మొదటి రెండు రోజులు టిబిలిసిలోనే తిరిగాం. అక్కడి అక్షరాలు మన అక్షరాల్లాగే గుండ్రంగా ఉంటాయి. దూరం నుంచి దుకాణం బోర్డు చూస్తే తెలుగే అనిపిస్తుంది, దగ్గరికి వెళితే ఒక్క అక్షరం కూడా మనది కాదు. మాటలూ అంతే. రొట్టెని వాళ్లు 'పురి' అంటారు. తండ్రిని 'మామ' అంటారు, తల్లి 'దెదా'. తోనె అనే గుండ్రటి మట్టి పొయ్యి లోపలి గోడకి పిండిని చరిచి అంటిస్తారు. అది రెండు చివరలా సాగి పడవ ఆకారంలో కాలుతుంది. పొద్దున్నే వేడి వేడిగా కొని, దారిలోనే సగం తుంచుకు తినేసేవాళ్లం. జున్నులాంటి చీజ్ కూరి కాల్చే రొట్టె 'ఖాచాపురి'. అది ఒక్కటి తింటే మధ్యాహ్నం దాకా ఆకలి వేయదు.

మేం కోడి, చేప తింటాం గానీ గొడ్డుమాంసం, పందిమాంసం తినం. అక్కడ హోటల్లో ఏది అడగాలో మా అమ్మాయి ఒక మాట నేర్పింది: 'సమర్ఖ్వో'. ఆర్థడాక్స్ క్రైస్తవులు ఏడాదిలో చాలా రోజులు ఉపవాసం ఉంటారు. ఆ రోజుల్లో మాంసం, పాలు, గుడ్లు ముట్టుకోరు. ఆ ఉపవాస భోజనం పేరే సమర్ఖ్వో. ఆ మాట చెబితే చాలు, వడ్డించేవాళ్లకి మనకేం కావాలో పూర్తిగా అర్థమవుతుంది. 'వెజిటేరియన్' అంటే కొందరు కోడి పెట్టబోయారు, సమర్ఖ్వో అంటే ఎవరూ పొరబడలేదు. చిక్కుడు గింజలు వెల్లుల్లి, కొత్తిమీరతో మట్టికుండలో ఉడికించే 'లోబియో', మొక్కజొన్న రొట్టె 'మ్చాది', వేయించిన వంకాయ ముక్కల్లో అక్రోటు ముద్ద పెట్టి చుట్టేవి, పాలకూర అక్రోటు ముద్ద... మాకు ఇంకేం కావాలి? పుట్టగొడుగులు పెట్టిన 'ఖింకాలి' కూడా దొరికాయి. అవి కుడుముల్లా ఉంటాయి, పైన ముచ్చిక ఉంటుంది. ఆ ముచ్చిక పట్టుకుని తలకిందులు చేసి, చిన్నగా కొరికి, ముందు లోపలి రసం పీల్చేయాలి. తర్వాత మిగతాది తిని ముచ్చిక పళ్లెంలో వదిలేస్తారు. ఎన్ని తిన్నామో ఆ ముచ్చికలే లెక్క చెబుతాయి. ఫోర్కుతో పొడిస్తే రసమంతా కారిపోతుంది. చేత్తో తినే వంటకం పరాయి దేశంలో కనబడితే ఎంత హాయిగా ఉంటుందో!

మూడో రోజు మా అమ్మాయి అద్దెకుండే ఇంటావిడకి ఆవకాయ సీసా ఇచ్చాం. ఆవిడ వేలితో కొంచెం నాకి, కళ్లు పెద్దవి చేసి, ఒక ప్రశ్న వేసింది: "ఇది ఎవరు చేశారు, కంపెనీయా మీరా?" నేనే అని చెప్పాను. ఎండాకాలంలో మామిడికాయలు కొట్టి, ఇంటిల్లిపాదీ కూర్చుని పెడతామని, జాడీలో పెట్టి వాసెన కడతామని, మూడో రోజు తిరగకలుపుతామని మా అమ్మాయి ఒక్కొక్కటీ ఇంగ్లిష్‌లో వివరించింది. ఆవిడ అంతా విని, "అయితే మీరు ర్త్వేలికి రావాలి" అంది. ర్త్వేలి అంటే ద్రాక్ష కోతలు. కాఖేతి ప్రాంతంలో తెలావి దగ్గర వాళ్ల అమ్మగారి ఊరు. శనివారం ఇంటివాళ్లంతా వస్తారట, చేతులు ఎన్నుంటే అంత మంచిదట.

మావారు నా మొహం చూశారు. నేను వెళ్దామనే అన్నాను. కోతలంటే నాకు ఇష్టం.

వెళ్లే దారిలో ఒక చేదు అనుభవం అయింది, అదీ చెప్పాలి. మేం మాట్లాడుకున్న కారు డ్రైవరు మధ్యలో ఒక పెద్ద వైన్ కేంద్రం దగ్గర ఆపాడు. మనిషికి అరవై లారీలు కట్టించుకున్నారు. లారీ అంటే మన రూపాయల్లో ముప్పైకి కాస్త అటూ ఇటూ. బల్ల మీద వరసగా ఐదు గ్లాసులు పెట్టి, ఒక కుర్రాడు ఇరవై నిమిషాల్లో గడగడా చెప్పుకుపోయాడు. తినడానికి నాలుగు బిస్కెట్లు. వెనక ఇంకో బస్సు వచ్చి ఆగి ఉంది. నేను వాసన చూసి వదిలేశాను. పక్కన వేరే దేశం వాళ్లు ఖాళీ కడుపున ఐదూ తాగేసి, కళ్లు ఎర్రబడి ఫోటోలు దిగుతున్నారు. నాకు మా ఊరి సారా దుకాణమే గుర్తొచ్చింది. వెనక్కి వెళ్లిపోదామని మావారితో అన్నాను కూడా. ఇంటావిడకి మాట ఇచ్చామని ఆయన సర్దిచెప్పారు.

గొంబోరి కనుమ దాటితే ఒక్కసారిగా అలజాని లోయ పరుచుకుంటుంది. అవతల గోడ కట్టినట్టు కాకసస్ కొండలు, శిఖరాల మీద మంచు. లోయంతా ద్రాక్ష. రోడ్డు మీద ముందూ వెనకా ద్రాక్ష లోడు లారీలు, ట్రాక్టర్లు. కిటికీ దించితే పులుపు తీపి కలిసిన వాసన. ఎండాకాలంలో మా బజారులో మామిడి బుట్టలు దిగే రోజు ఎలా ఉంటుందో అలాగే ఉంది.

ఇంట్లో ఇంటావిడ తల్లి ఉంది. డెబ్బై ఐదేళ్లు దాటి ఉంటాయి. అందరూ 'బెబియా' అని పిలుస్తున్నారు, అమ్మమ్మ అని అర్థం. మేమూ అలాగే పిలిచాం. ఆవిడ నన్ను దగ్గరికి తీసుకుని రెండు చేతులూ తిప్పి చూసింది. ఏమంటోందని అడిగితే, "పని చేసే చేతులే అంటోంది" అని ఇంటావిడ చెప్పింది. వెంటనే కత్తెర, బకెట్టు ఇచ్చి తోటలోకి పంపించారు.

వాళ్లది అరెకరం పైచిలుకు తోట. ర్కాత్సితెలి అనే రకం. ఆ మాటకి 'ఎర్ర కాడ' అని అర్థమట, తీగ కాడ నిజంగానే ఎర్రగా ఉంది. పండు మాత్రం బంగారు రంగు, ఎండ తగిలిన వైపు కాస్త గులాబీ. గుత్తిని ఎడమ చేత్తో కింద పట్టుకుని కుడిచేత్తో కాడ కత్తిరించాలి, లేకపోతే నేల మీద పడి పగులుతుంది. కుళ్లిన గింజలు కనబడితే అక్కడే గిల్లి పారేయాలి. కందిరీగలు చుట్టూ తిరుగుతూనే ఉంటాయి, వాటిని కదపకుండా పని చేసుకోవాలి. నాకు ఒకటి కుట్టింది. బెబియా వచ్చి ఉల్లిపాయ కోసి రుద్దింది. మా అమ్మమ్మా అదే రుద్దేది. గంట తర్వాత నడుం పట్టేసింది గానీ పక్క వరసలో బెబియా ఆగకుండా కోస్తుంటే నేనెలా ఆగుతాను?

జార్జియాలో ఐదు వందలకు పైగా సొంత ద్రాక్ష రకాలు ఉన్నాయట. సోవియట్ కాలంలో ఎక్కువ దిగుబడి వచ్చే కొన్ని రకాలే పెంచమన్నారు. 1985లో సోవియట్ నేత గోర్బచేవ్ మద్యం మీద యుద్ధం ప్రకటించినప్పుడు తోటలే పెరికేశారు. ఇంటావిడ అన్నయ్య అప్పటికి చిన్నపిల్లాడు. నాన్న తోట చివర నిలబడి ఏడవడం చూశానని చెప్పాడు. ఆ మాట దగ్గర నా చెయ్యి ఆగింది. సారా ఆపమని ఊరేగింపులో నడిచినదాన్ని నేను. తాగుడు ఆపాలని తోట నరికితే ఏడ్చిన రైతు మాట వింటున్నాను. రెండూ నిజాలే, రెండూ నా మనసులో పక్కపక్కనే ఉన్నాయి. తర్వాత 2006లో రష్యా వీళ్ల వైన్ కొనడం నిషేధించింది, 2013 దాకా మళ్లీ తెరవలేదు. అన్నాళ్లూ తాగడానికీ ఇవ్వడానికీ ఇంటి మట్టుకే చేసుకున్నారట.

మధ్యాహ్నం దాటాక బకెట్లన్నీ 'మరాని'కి చేర్చాం. మరాని అంటే వైన్ చేసే గది. లోపలికి వెళ్లి చూస్తే పీపాలు లేవు, సీసాలు లేవు. నేల మీద ఐదారు గుండ్రటి మూతులు. అవే 'క్వెవ్రీ'లు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే పెద్ద మట్టి బానలు, మూతి మాత్రమే పైకి కనబడేలా మెడదాకా భూమిలో పాతిపెట్టి ఉంటాయి. చూడగానే నా నోట్లోంచి "పాతర!" అని వచ్చింది. మా తాతగారి చిన్నతనంలో ధాన్యం పాతర వేసేవారని విన్నాను. వీళ్లు ద్రాక్షని పాతర వేస్తున్నారు.

వాళ్ల క్వెవ్రీల్లో పెద్దది వెయ్యి లీటర్లది. ఇంకా పెద్దవి, కొన్ని వేల లీటర్లవి కూడా ఉంటాయట. మట్టి పీల్చుకోకుండా లోపల తేనెమైనం కరిగించి పూస్తారు. భూమిలో ఉండడం వల్ల ఎండాకాలమైనా చలికాలమైనా వేడి పెద్దగా మారదు. ఆకారానికి కూడా కారణం ఉంది. అడుగు సన్నగా మొనదేలి ఉంటుంది. గింజలు బరువుకి ముందు ఆ మొనలోకి దిగిపోతాయి, వాటి మీద తొక్కలు, కాడలు పేరుకుంటాయి. దాంతో గింజల్లోని చేదు పైనున్న రసానికి ఎక్కువగా తగలదు. ఇరవై ఆరేళ్లు సైన్సు చెప్పాను గానీ ఒక పాత్ర ఆకారంలో ఇంత ఆలోచన ఉంటుందని నేను పిల్లలకి ఎప్పుడూ చూపించలేదు.

తొక్కడానికి 'సత్స్నఖేలి' అనే తొట్టి ఉంది, పెద్ద చెట్టు మానుని దోనెలా తొలిచి చేసినది. ఇప్పుడు చాలా ఇళ్లలో చేత్తో తిప్పే మిషను వాడతారు. వీళ్లూ సగం మిషనులో వేశారు, సగం పిల్లల చేత తొక్కించారు. మా అమ్మాయి కాళ్లు శుభ్రంగా కడుక్కుని, ప్యాంటు మడిచి ఎక్కింది. రసం చిన్న కాలవలా కారి క్వెవ్రీలోకి వెళుతోంది. దాని వెనకే తొక్కలు, కాడలు, గింజలు అన్నీ అందులోకే దింపారు. ఈ పిప్పిని 'చాచా' అంటారు. మామూలుగా తెల్ల ద్రాక్షతో వైన్ చేసేవాళ్లు పిప్పి తీసేసి రసం ఒక్కటే పులియబెడతారు. కాఖేతి పద్ధతిలో పిప్పితో సహా ఐదారు నెలలు ఉంచేస్తారు. అందుకే ఇక్కడి తెల్ల వైన్ తెల్లగా ఉండదు, చిక్కటి టీ డికాక్షన్ రంగులోకి తిరుగుతుంది. ఈస్టు కలపరు, పంచదార కలపరు. పండు మీద ఉండే బూజులాంటి పొడిలోనే పులియబెట్టేది ఉంటుంది.

పక్కనే వారం కింద నింపిన ఇంకో క్వెవ్రీ జోరుగా పులుస్తోంది. చెవి దగ్గర పెడితే అన్నం ఉడుకుతున్న చప్పుడు. దాని దగ్గరికి వెళ్లేముందు అన్నయ్య తలుపులు రెండూ బార్లా తీశాడు. అగ్గిపుల్ల వెలిగించి మూతి మీదకి చాపాడు. ఠక్కున ఆరిపోయింది. పులిసేటప్పుడు వచ్చే బొగ్గుపులుసు వాయువు గాలి కన్నా బరువు, పైకి పోకుండా అక్కడే నిలుస్తుంది. వంగి లోపలికి తల పెడితే మనిషి ప్రాణానికే ముప్పు. మా వైపు పాతబావిలోకి దిగేముందు లాంతరు దింపి చూసేవారు. ఆ సంగతి చెబితే అన్నయ్య నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు.

పైకి తేలిన పిప్పి గట్టి తెట్టులా కడుతుంది. పొడుగాటి కర్రతో దాన్ని రోజుకి మూడు నాలుగు సార్లు కిందకి ముంచాలి, రాత్రి కూడా లేవాలి. మరచిపోతే పైతెట్టు ఎండి పాడవుతుంది. ఆ సాయంత్రం కర్ర నా చేతికిచ్చారు. బరువుగా, మెత్తగా దిగింది. దిగిన చోట నుంచి నురగ పొంగి, పండిన అరటిపండు వాసన కొట్టింది. తిరగకలిపిన ఆవకాయలో ఊట పైకి వచ్చినప్పుడు ఎంత తృప్తిగా ఉంటుందో అంత తృప్తి కలిగింది. పొంగు తగ్గి పిప్పి దానంతట అదే కిందకి దిగాక, నిండా పోసి, రాతి మూత పెట్టి, చుట్టూ బంకమట్టి మెత్తుతారు. మళ్లీ వసంతంలోనే తీసేది.

మర్నాడు పొద్దున బెబియా నన్ను తన పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ రోజు పని చుర్చ్‌ఖేలా అనే మిఠాయి. నానబెట్టిన అక్రోటు పప్పుల్ని సూదితో దారానికి గుచ్చాలి. మల్లెపూలు మాల కట్టిన చేతులకి అదేం కష్టం కాదు. బెబియా రెండు దండలు గుచ్చేసరికి నేను మూడు గుచ్చాను. పెద్ద రాగి పాత్రలో ద్రాక్షరసాన్ని కాచి, పైనొచ్చే తెట్టు తీస్తూ చిక్కబెట్టారు. కొంచెం చల్లటి రసంలో గోధుమపిండి ఉండలు లేకుండా కలిపి అందులో పోశారు. తిప్పుతూనే ఉండాలి. నేను తిప్పుతూ ఫోటో తీయమని మా అమ్మాయికేసి తిరిగాను, ఆ అర నిమిషంలో ఒక పక్క అడుగంటింది. బెబియా ఏమీ అనలేదు, నా చేతిమీద చెయ్యి వేసి గరిటె అడుగుదాకా ఎలా గీకాలో చూపించింది. గరిటెజారుగా అయ్యాక దండల్ని ఒక్కొక్కటే ముంచి, కర్రకి వేలాడదీశారు. ఆరాక మళ్లీ ముంచాలి. రెండు మూడు వారాలు ఎండితే గట్టిపడి, చలికాలమంతా నిలవ ఉంటుంది. పాత్రలో మిగిలింది పళ్లాల్లో పోసి మీద అక్రోటు చల్లి అందరికీ పెట్టారు. అంత తియ్యటిదాంట్లో పంచదార చిటికెడు లేదు.

వాళ్ల వాకిట్లో తీగకి ఎర్రటి చాపల్లాంటివి ఆరేసి ఉన్నాయి. 'త్క్లాపి' అట. పుల్లటి రేగుపండులాంటి ప్లమ్ పండు గుజ్జుని పలచగా పరిచి ఎండబెట్టినది. అచ్చం మన తాండ్రే, కాకపోతే పులుపు. దాన్ని నీళ్లలో నానబెట్టి పులుసులో వేస్తారు. నేను ఒక ముక్క నోట్లో వేసుకుని, చింతపండు లేని లోటు వీళ్లకి లేదని మావారితో అన్నాను.

ఆ రాత్రి విందు. దాన్ని 'సుప్రా' అంటారు. ద్రాక్ష తీగల ఎండుపుల్లలు మండించి, నిప్పుల మీద మాంసం కాల్చారు. మా కోసం వంకాయలు, టమాటాలు, పుట్టగొడుగులు విడిగా వేరే ఊచకి గుచ్చారు. ముందు ఆ ఊచే కాల్చి పక్కన పెట్టారు, అడగకుండానే. బల్ల మీద పళ్లెం మీద పళ్లెం. చీజ్, లోబియో, అక్రోటు వేసిన దోసకాయ టమాటా ముక్కలు, ఊదారంగు తులసి ఆకులు, జోంజోలి అనే పూమొగ్గల ఊరగాయ. మధ్యలో నా ఆవకాయ.

అన్నయ్య 'తమదా', అంటే విందు నడిపించే పెద్ద. తమదా ఒక మాట చెప్పేదాకా ఎవరూ గ్లాసు ఎత్తరు. ఆ మాటకీ ఈ మాటకీ మధ్య ఎవరూ తాగరు, తింటారు, మాట్లాడుకుంటారు, పాడతారు. మొదట శాంతి కోసం. తర్వాత దేశం కోసం. ఒక్కోటీ ఐదు పది నిమిషాలు. అందరూ తినడం ఆపి వింటారు, తర్వాత "గావుమార్జోస్!" అంటారు. మావారు తాగరని చెబితే ఎవరూ బలవంతం చేయలేదు. తర్ఖూనా అనే ఆకుపచ్చ సోడా ఇచ్చారు, దాన్నే ఆయన అందరితోపాటు ఎత్తారు.

మూడోసారి అన్నయ్య లేచి నిలబడ్డాడు, మగవాళ్లంతా లేచారు. చనిపోయినవాళ్ల కోసం. వాళ్ల నాన్న పేరు, తాత పేరు చెప్పాడు. ఆ తోట మొదట వేసింది తాత, ఈ క్వెవ్రీలు పాతింది నాన్న. రొట్టె ముక్క మీద రెండు చుక్కల వైన్ పోశాడు. మనం నువ్వులూ నీళ్లూ వదలడం గుర్తొచ్చి నా ఒళ్లు జలదరించింది. తర్వాత నా వైపు తిరిగి, "అలావెర్ది" అన్నాడు. మాట నాకు అప్పగిస్తున్నాడని, మా వాళ్లని ఎవరినైనా తలచుకోమంటున్నాడని మా అమ్మాయి చెప్పింది.

నేను తెలుగులోనే చెప్పాను. మా అమ్మ పోయి పదకొండేళ్లయింది. ఈ బల్ల మీదున్న ఆవకాయ కొలతలు ఆవిడవే. ఉప్పు, కారం, ఆవపిండి గిద్దెతో కొలిచి, చివర్లో ఒక గుప్పెడు లెక్కలో లేకుండా వేసేది. ఆ గుప్పెడు ఎంతో నాకు ఎప్పటికీ తెలియలేదు, నా గుప్పెడే వేస్తున్నాను. మా అమ్మాయి సగం చెప్పి ఆగిపోయింది, ఇంటావిడ మిగతాది ఊహించి పూర్తి చేసింది. బెబియా బల్ల అవతల నుంచి వచ్చి నన్ను పట్టుకుంది. అప్పుడు తాగాను, జీవితంలో మొదటిసారి, మా అమ్మ పేరు మీద.

మొదట నాలుక మీద తగిలింది వగరు. తీపి ఉంటుందనుకున్నాను, లేదు. ఉసిరికాయ కొరికినట్టు, లేత వక్క నమిలినట్టు నోరంతా పట్టేసింది. తర్వాత ఎండిన నారింజ తొక్క, తేనె, ఇంకేదో మట్టి వాసన. ఆ వగరు తొక్కల నుంచి, కాడల నుంచి వచ్చినది. నిన్న నేను మోసినవాటిలాంటి కాడలే. గుటక వేశాక ఒక అక్రోటు వంకాయ ముక్క తిన్నాను. ఇప్పుడు తెలిసింది. అక్రోటు నూనె, చీజ్ కొవ్వు నోట్లో పేరుకుంటే ఈ వగరు దాన్ని కడిగేసి, మళ్లీ మొదటి ముద్దంత రుచి తెస్తోంది. షడ్రుచుల్లో వగరుని మనం ఉగాది పచ్చడిలో మామిడి పిందెకి, భోజనమయ్యాక వక్కకి వదిలేశాం. వీళ్లు దాన్ని భోజనం మధ్యలో కూర్చోబెట్టారు. దారిలో ఆ కుర్రాడు ఐదు గ్లాసులు పెట్టి ఎన్ని చెప్పినా ఈ సంగతి తెలియదు, అక్కడ వంకాయ లేదు.

నాలుగోది పిల్లల కోసం. పోయినవాళ్ల తర్వాత ఎప్పుడూ పిల్లల పేరు ఎత్తుతారట. మా అమ్మాయి పేరు కూడా చెప్పారు. నేను ఇంకో రెండు గుటకలు వేసి చాలించాను. రాత్రి పన్నెండు దాటినా ఎవరూ బల్ల మీంచి లేవలేదు. పిల్లలు ఒళ్లో నిద్రపోయారు. మగవాళ్లు మూడు గొంతుల్లో పాడుతుంటే మావారు కళ్లు మూసుకుని విన్నారు. మా ఊరి అరుగు మీద పడుకున్న ఆవిడని నేను ఆ రాత్రి చాలాసేపు తలచుకున్నాను.

టిబిలిసి మ్యూజియంలో తర్వాత చూశాం. ఆ ఊరికి దక్షిణాన గదాచ్రిలి గోరా, షులవేరి గోరా అనే దిబ్బల్లో తవ్వితే దొరికిన కుండ పెంకుల్లో ద్రాక్ష వైన్ ఆనవాళ్లు తేలాయని 2017లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఎనిమిది వేల ఏళ్ల కిందటివి. క్వెవ్రీలో వైన్ చేసే పద్ధతిని 2013లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ పెంకుల ముందు నిలబడితే నాకు బెబియా చెయ్యే కనబడింది, గరిటె అడుగుదాకా గీకమని నా చేతిమీద వేసిన చెయ్యి.

ఏప్రిల్లో క్వెవ్రీ తీసే రోజు మా అమ్మాయి వెళ్లి వీడియో కాల్ చేసింది. బంకమట్టి చెక్కి, రాతి మూత జరిపి, సొరకాయ బుర్రతో చేసిన తెడ్డుతో మొదటి గ్లాసు ముంచారు. బెబియా దాన్ని వెలుతురుకి ఎత్తి నాకు చూపించింది. నేను మోసిన బకెట్లలోని ద్రాక్షే అది. ఈ ఏడాది పచ్చడి పెట్టావా అని అడిగింది. కాయ ఇంకా ముదరలేదని, రెండు వారాల్లో పెడతానని చెప్పాను.

జులైలో పిల్ల సెలవులకి వచ్చినప్పుడు ఒక సీసా, నాలుగు త్క్లాపి చాపలు తెచ్చింది. త్క్లాపి నానబెట్టి పప్పులో వేశాను, చింతపండు వేయలేదు. గుత్తివంకాయ కూర చేశాను, మసాలాలో వేరుశనగకి బదులు అది తెచ్చిన అక్రోటు నూరాను. వైన్ గ్లాసులు మా ఇంట్లో లేవు, చిన్న స్టీలు గ్లాసుల్లో పోశాను. మావారు తనకీ ఒక గుక్కెడు పోయమన్నారు. ముందు అందరం అన్నం వడ్డించుకున్నాం. ఎవరు మొదలుపెడతారని మా అమ్మాయి అడిగితే, ఆయనే లేచి నిలబడి మా అత్తగారి పేరు చెప్పారు.